బొల్లారం ఇల్లు మాదట, కింద నేల మిలిటరీదట. ఈ పేచీ ఎప్పటిది?

బొల్లారం_మనవడు

అందరికీ నమస్తే. మా తాతగారు కొన్న పాత బంగళా ఒకటి సికింద్రాబాద్‌లో బొల్లారం వైపు కంటోన్మెంట్ హద్దులో ఉంది. పెంకులు, పెద్ద వరండా, వెనకాల గిలక బావి, రెండు చింతచెట్లు. రిపేర్ల కోసం లోను తీసుకుందామని ఒక బ్యాంకుకి వెళ్తే వాళ్ళ లాయరు కాగితాలు తిరగేసి, "ఇది బి-3, ఓల్డ్ గ్రాంట్ అండీ, మీకున్నది గోడలూ కప్పూ, నేల మాత్రం రక్షణ శాఖది" అని ఫైలు మూసేశాడు. ఎందుకలా అంటే 1836 నాటి గవర్నర్ జనరల్ ఆర్డరు ఒకటుంది, నంబరు 179, దాని ప్రకారం అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు, కాఫీ మాత్రం ఇచ్చాడు.

లోను సంగతి వేరే చూసుకుంటాను. నాకు అర్థంకానిది ఏంటంటే, 1836లో ఇక్కడ నిజాం రాజ్యం కదా, ఈస్టిండియా కంపెనీ వాళ్ళ ఆర్డరు మా చింతచెట్ల కిందకి ఎలా వచ్చింది? అసలు ఒకే ప్రభుత్వంలో ఉన్న సివిల్ వాళ్ళూ మిలిటరీ వాళ్ళూ నేల కోసం ఎందుకు తగువు పడ్డారు? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా రాయండి, పొడుగైనా చదువుతాను.

పాత_దస్త్రం

మీ లాయరు చెప్పిన ఆర్డరు 1836 సెప్టెంబరు 12 నాటిది. చదివితే మీకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. సారాంశం చెబుతాను. కంటోన్మెంట్‌లో ఎవరికైనా ఇల్లు కట్టుకోవడానికి జాగా ఇస్తారు, కానీ ఆ జాగా ఎప్పటికీ సర్కారుదే, దాన్ని అమ్మడానికి లేదు. నెల రోజుల నోటీసిచ్చి, అనుమతితో కట్టిన కట్టడాల ఖరీదు చేతిలో పెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. ఇంటిని ఒక సైనికాధికారి ఇంకో సైనికాధికారికో, మిలిటరీ డాక్టరుకో అమ్ముకుంటే పెద్దగా అడ్డు లేదు. సైన్యంతో సంబంధం లేనివాడికి అమ్మాలంటే మాత్రం స్టేషన్ కమాండింగ్ ఆఫీసరు ఒప్పుకోవాలి. కొనేవాడు నేటివ్ (అంటే మనవాడు) అయ్యి, ఇంటి విలువ 5,000 రూపాయలు దాటితే అది కూడా చాలదు, ప్రభుత్వం దాకా వెళ్ళి మంజూరు తెచ్చుకోవాలి.

ఎందుకిలా అంటే, మిలిటరీ దృష్టిలో కంటోన్మెంట్ ఊరు కాదు, దండు. గుడారాల బదులు బంగళాలు వచ్చాయి, అంతే. దండు రేపు లేచిపోవచ్చు, లేదా ఇంకో రెజిమెంటు రావచ్చు, అప్పుడు జాగా ఖాళీగా చేతిలో ఉండాలి. కానీ దండు ఉన్నచోటికి షావుకార్లు వస్తారు, దర్జీలు, పాలవాళ్ళు, చాకళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పెళ్ళిళ్ళు, గుడి, మసీదు, చర్చి. ముప్ఫై ఏళ్ళకి అది ఊరైపోతుంది. ఊరయ్యాక పన్ను ఎవరు వసూలు చెయ్యాలి, దొంగని ఎవరు శిక్షించాలి, ఇల్లు అమ్మితే ఎవరు రిజిస్టరు చెయ్యాలి? కలెక్టరు తరహా మనుషులు "ఊరు కాబట్టి మాది" అంటారు, కమాండరు "దండు కాబట్టి మాది" అంటాడు. ఒకే సర్కారు అని మీరన్నారు గానీ, ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళకి వంటింటి దగ్గర వచ్చే తగువు లాంటిదే ఇది.

హుస్సేన్_సాగర్_గట్టు

పైన అన్న రాసింది బాగుంది, కానీ సికింద్రాబాద్ దగ్గరికి వస్తే ఇద్దరు కాదు, ముగ్గురు తోడికోడళ్ళు. అసలు మెలిక ఇక్కడే ఉంది.

1798 ఒప్పందంతో కంపెనీ సైన్యం నిజాం ఖర్చు మీద ఇక్కడ దిగింది. హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన గుడారాలు వేసుకున్న ఆ చోటుకి 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. నేల నిజాంది, దాని మీద సైన్యం కంపెనీది, ఆ సైన్యానికీ నిజాంకీ మధ్య మాట నడిపేది రెసిడెంటు. రెసిడెంటు సివిల్ వైపు మనిషి, కోఠీలో ఉంటాడు (బొల్లారంలోనూ ఒక బంగళా ఉండేది, ఇప్పటి రాష్ట్రపతి నిలయం అదే). సైన్యానికి జనరల్ ఉంటాడు. బ్రిటిష్ ఇండియాలో చేసిన చట్టం నిజాం నేల మీద దానంతటదే చెల్లదు. అందుకని కంటోన్మెంట్ చట్టాలని ఫారిన్ జ్యూరిస్‌డిక్షన్ కింద నోటిఫికేషన్లు ఇచ్చి ఇక్కడ అమలు చేశారు. అంటే పరాయి దేశంలో మన చట్టం నడుపుతున్నాం అని వాళ్ళే కాగితం మీద ఒప్పుకున్నట్టు.

మీ బొల్లారం ఇంకా చిత్రం. అక్కడ మొదట ఉన్నది కంపెనీ సొంత సైన్యం కాదు, హైదరాబాద్ కంటింజెంట్. జీతం నిజాంది, అధికారులు ఇంగ్లీషువాళ్ళు. ఆ జీతం బాకీల కిందే 1853లో బేరారు (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు) నిజాం చేతుల్లోంచి జారిపోయింది. ఇక నంబరు 179 బెంగాల్ సైన్యం కోసం పుట్టిన ఆర్డరు. సికింద్రాబాద్‌లో ఎక్కువగా ఉన్నది మద్రాసు సైన్యం. కాబట్టి "బెంగాల్ ఆర్డరు మా పెరట్లోకి ఎలా వచ్చింది" అన్న మీ ప్రశ్న పిచ్చి ప్రశ్నేమీ కాదు, కంటోన్మెంట్ ఇళ్ళవాళ్ళ తరఫు వాదనే అది. అలాగని రేపే కోర్టుకెళ్ళి గెలిచేస్తారని నేననడం లేదు, ముందు కాగితాలు చూడాలి.

ఇంకోటి, జనరల్ బజార్, మోండా, జేమ్స్ స్ట్రీట్ చుట్టుపక్కల పూర్తిగా ఊరైపోయిన భాగాన్ని 1940ల మధ్యలో నిజాంకి తిరిగి ఇచ్చేశారు. తిరుమలగిరి, బొల్లారం, పికెట్ వైపు మాత్రం కంటోన్మెంట్‌గానే మిగిలింది. మీ తాతగారు కొన్ని మైళ్ళు దక్షిణాన కొని ఉంటే మీకీ టెన్షన్ ఉండేది కాదు!

జార్జిటౌన్_తెలుగోడు

మద్రాసు నుంచి రాస్తున్నా. మా వైపు ఈ కథ ఇంకా పాతది, పైగా దెబ్బతిన్నది ఎక్కువగా తెలుగువాళ్ళే.

సెయింట్ జార్జి కోటకి ఉత్తరాన, గోడకి ఆనుకునే పాత బ్లాక్ టౌన్ ఉండేది. నేతగాళ్ళు, కోమట్లు, దుబాసీలు (కంపెనీ వాళ్ళకి మాట తర్జుమా చేసేవాళ్ళు), బోలెడు తెలుగు కుటుంబాలు. 1746లో ఫ్రెంచివాళ్ళు కోట పట్టుకున్నాక ఇంగ్లీషువాళ్ళకి బుద్ధొచ్చింది, కోటకి ఎదురుగా ఇళ్ళుంటే శత్రువు వాటి చాటు నుంచే ఫిరంగి పేలుస్తాడని. కోట మళ్ళీ చేతికొచ్చాక ఆ ఇళ్ళన్నీ పడగొట్టి మైదానం చేశారు. తెలుగు వర్తకుడు బేరి తిమ్మన్న పేరుతో ముడిపడ్డ చెన్నకేశవ పెరుమాళ్ గుడి కూడా 1757లో ఆ దెబ్బకే పోయింది. తర్వాత 1760ల్లో వేరేచోట స్థలమిస్తే ఇప్పుడు పూల బజారు దగ్గరున్న జంట గుళ్ళు లేచాయి. జనమంతా ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట వైపు జరిగారు. పాత ఊరున్న చోట ఇప్పుడు హైకోర్టు ఉంది.

ఇక్కడ దాకా ఇళ్ళు కట్టొద్దు అని హద్దుకి ఆరు స్తంభాలు పాతారు. పారీస్ కార్నర్ దగ్గర ఒకటి ఇప్పటికీ ఉంది, 1773 జనవరి 1 అని తేదీ చెక్కి ఉంటుంది. నేను రోజూ దాని పక్క నుంచే వెళ్తాను, ఎవడూ తలెత్తి చూడడు.

నిలువుగీత

జార్జిటౌన్ గారూ, సమాచారం బాగుంది కానీ అది సివిల్-మిలిటరీ పేచీ కాదండీ. అప్పుడు గవర్నరే కోటకీ పెద్ద, ఊరికీ పెద్ద. అక్కడ సర్కారుకీ జనానికీ మధ్య గొడవ. మిలిటరీ ఒకమాట, సివిల్ ఒకమాట అన్న అసలు సిసలు కేసు కావాలంటే 1857 తర్వాతి ఢిల్లీ చూడాలి.

తిరుగుబాటు అణిచాక సైన్యం ఎర్రకోటలో దిగింది. కోటలోపలి మహళ్ళు చాలా వరకు కూల్చి బారకాసులు కట్టుకున్నారు. కోట బయట గోడల చుట్టూ 448 గజాల మేర ఏమీ ఉండకూడదన్నారు, ఫిరంగి దారికి అడ్డం లేకుండా. ఆ 448 గజాల్లో ఖాస్ బజార్, ఖానమ్ బజార్, అక్బరాబాదీ మసీదు, ఎన్నో హవేలీలు పోయాయి. సైన్యంలో కొందరి మాటే చెల్లితే ఊరు మొత్తం నేలమట్టమయ్యేది. అడ్డుపడ్డవాళ్ళలో పంజాబ్ చీఫ్ కమిషనరు జాన్ లారెన్స్ ముఖ్యుడు. ఆయనకి ఢిల్లీ మీద ప్రేమ అనుకోకండి. ఊరు లేకపోతే పాలించడానికేముంది, పన్నెవరు కడతారు అన్నదే సివిలియన్ల లెక్క. జామా మసీదు కూడా 1862 దాకా ముస్లింలకి తిరిగి దక్కలేదు.

తప్పు చెయ్యనివాళ్ళ ఇళ్ళు కూలితే పరిహారంగా డబ్బు ఇవ్వకుండా టికెట్లు ఇచ్చారు. ఆ టికెట్లతో తిరుగుబాటుదారుల నుంచి జప్తు చేసిన ఆస్తులు కొనుక్కోవచ్చు. అంటే పక్కవాడి ఇల్లు కొనుక్కో అని. డబ్బున్నవాళ్ళు పేదల టికెట్లు చౌకగా కొని పోగేసుకున్నారు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

జార్జిటౌన్_తెలుగోడు

ఒప్పుకుంటున్నా నిలువుగీత గారూ. కానీ మద్రాసులోనూ సివిల్-మిలిటరీ చిచ్చు తక్కువేం కాదు. 1809లో గవర్నరు బార్లో ఖర్చు తగ్గించడానికి అధికారులకి సిపాయిల గుడారాలు సమకూర్చే కాంట్రాక్టు మీద వచ్చే రాబడి తీసేస్తే, తెల్ల అధికారులే తిరగబడ్డారు. అది మొదట రాజుకున్నది మన మచిలీపట్నంలోనే. నేల కోసం కాదు, గుడారాల కోసం. అయినా దండు వాళ్ళది అన్న పట్టుదల మాత్రం అదే.

పాత_దస్త్రం

మళ్ళీ నేనే. మనవడి ప్రశ్నలో "నేల" ఒక్కటే కాదు, "ఇల్లు" కూడా ఉంది కాబట్టి ఇంకో రెండు మాటలు.

1863లో రాయల్ కమిషన్ ఒకటి భారతదేశంలో బ్రిటిష్ సైనికులు ఏడాదికి వెయ్యికి 69 మంది చొప్పున చచ్చిపోతున్నారని తేల్చింది. చావులు ఎక్కువగా జబ్బుల వల్లే. ఇక మరుసటి ఏడే 22వ చట్టం వచ్చింది, కంటోన్మెంట్‌లో కాలువలు, మరుగుదొడ్లు, కసాయి కొట్లు, బజారు, అన్నిటి మీదా ఆరోగ్యం పేరుతో అజమాయిషీ. కంటోన్మెంట్ మేజిస్ట్రేట్ అని ఒక పదవి, తరచూ సైనికాధికారే. అతను పగలు జడ్జీ, సాయంత్రం కమాండరు మాట వినాల్సిన మనిషి. ఇళ్ళవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకోవాలి?

పైగా 1902లో హౌస్ అకామడేషన్ చట్టం. అధికారికి ఇల్లు దొరక్కపోతే కమాండింగ్ ఆఫీసరు మీ బంగళా చూసి ఇది కావాలి, లీజుకివ్వు అని నోటీసు ఇవ్వొచ్చు. 1923లో దాన్ని ఇంకో చట్టంగా తిరగరాశారు. ఇళ్ళవాళ్ళ ఆందోళనల తర్వాత 1924 చట్టంతో బోర్డులో ఎన్నికైన సభ్యులు వచ్చారు, అధ్యక్షుడి కుర్చీ మాత్రం స్టేషన్ కమాండరుదే. మీ బి-3 అన్న ముద్ర ఆ తర్వాతిదే. 1925 రూల్స్‌తో నేలని ఏ, బీ, సీ అని విడగొట్టారు. సైన్యం వాడుకునేది ఏ-1, ముందుముందు కోసం అట్టేపెట్టుకున్నది ఏ-2, ప్రైవేటు వాళ్ళ చేతిలో ఉన్న ఓల్డ్ గ్రాంట్ల లాంటివి బి-3, రోడ్లూ మార్కెట్లూ వగైరా బోర్డుకి చెందినవి సీ. అన్నీ జనరల్ ల్యాండ్ రిజిస్టరులో ఎక్కాయి. తగువు ఆగలేదు, తగువుకి నంబర్లొచ్చాయి.

మీరు చెయ్యాల్సింది ఆ రిజిస్టరు నకలు తీయించుకోవడం. దానితోపాటు తాతగారి దస్తావేజు మళ్ళీ ఒకసారి చదవండి, ఏం అమ్మారని రాసుందో.

బొల్లారం_మనవడు

ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ దండాలు. పాత_దస్త్రం గారు చెప్పాక నిన్న రాత్రి ట్రంకు పెట్టె తీసి దస్తావేజు చదివాను. మీ అనుమానం నిజమే. "సదరు బంగళా, వంటసాల, గుర్రపుసాల, ప్రహరీ గోడ, బావి, వాటి తలుపులు, దూలాలు, పెంకులతో సహా" అని కలప దగ్గర్నుంచి వివరంగా రాశారు. గజాల లెక్క ఒక్కచోట కూడా లేదు. నాలుగు దిక్కులా హద్దులు రాయలేదు. అమ్మినవాడికీ తెలుసు, కొన్న తాతకీ తెలుసు అన్నమాట, తెలియనిది మాకే. మా నాన్న అయితే, "తెలిసే కొన్నాడ్రా, అందుకే అంత చవగ్గా వచ్చింది" అన్నాడు, ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పకుండా!

రిజిస్టరు నకలుకి అర్జీ పెడతాను. ఒక్క డౌటు. జాబితాలో బావి ఉంది కదా. బావి కట్టడం కింద వస్తుందా, నేల కిందా?

హుస్సేన్_సాగర్_గట్టు

గిలక నీది తమ్ముడూ, నీళ్ళు మిలిటరీవి. తాడు గురించి రెసిడెంటుకి రాయాలి.