పెట్టుడు కాలితో పెళ్లిపీటలు: సన్నికల్లు, మట్టెలు ఎలా?

ప్రశ్న: వచ్చే నెల నా పెళ్లి. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. పెట్టుడు కాలికి బూటు వేసుకుని రోజూ ఆఫీసుకు వెళ్తాను, నడకకు ఇబ్బంది లేదు. పీటల మీద అంతసేపు కూర్చోవడం, సన్నికల్లు తొక్కడం, మట్టెలు తొడగడం... వీటికే భయం. మా పెద్దత్త "ఆ తంతు లోపల గదిలో కానిచ్చేద్దాం" అంటోంది. నాకు అందరి ముందే జరగాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: చెల్లీ, నాకూ అదే కాలు. ముందు బూటు సంగతి చూడు. దాని మడమ ఎత్తును బట్టే మన పాదం బిగిస్తారు. మండపంలో బూటు విప్పితే ఒళ్లు వెనక్కి తూలుతుంది. ఉత్తకాళ్లతో నిలబడాలని కాలు చేసినవాళ్లకు ఇప్పుడే చెప్పి సరిచేయించుకో. జైపూర్ పాదమైతే బూటు లేకుండా నడిచే మనవాళ్ల కోసమే చేసింది, వేళ్లు కూడా ఉంటాయి. ఏది మార్చినా ఈ వారంలోనే మార్చు, ముహూర్తం ముందు కొత్త సాకెట్ (మిగిలిన కాలిని దూర్చే గట్టి తొడుగు) జోలికి పోవద్దు.

బాసింపట్టు వేస్తే సాకెట్ అంచు మోకాలి వెనక ఒరుసుకుంటుంది. ఎత్తు పీటలు వేయించు, ఇద్దరికీ ఒకే ఎత్తువి. మధుపర్కాలు కట్టుకోవడానికి లేచినప్పుడు కాలు విప్పి, లైనర్ (సాకెట్ లోపల కాలికి వేసుకునే మెత్తటి తొడుగు) చెమట తుడుచుకో. సిలికాన్ లైనర్‌కు పసుపు అంటితే మరక వదలదు, పారాణి పెట్టేవాళ్లకు ముందే చెప్పు.

జవాబు: అమ్మా, నేను పౌరోహిత్యం చేస్తాను. సన్నికల్లు మీద పెట్టించేది కుడి పాదమే. సప్తపదిలో మొదటి అడుగూ కుడిదే. మీకు అడ్డేమీ లేదు, నిశ్చింతగా ఉండండి.

జవాబు: పంతులుగారూ, చిక్కంతా అక్కడే! కుడికాలు ఎత్తితే బరువంతా పెట్టుడు కాలి మీదే పడుతుంది. చెల్లీ, ఆ కాసేపు మీ వదినను ఎడమపక్క మోచెయ్యి పట్టుకోమను. అత్తారింటి గడప మీద బియ్యం చెంబు తన్నేటప్పుడూ అంతే.

ప్రశ్న అడిగినామె: మరి మట్టెలు? నా పాదానికి బొటనవేలు ఒక్కటే విడిగా ఉంది.

జవాబు: అయితే రెండోవేలికి ఎక్కదు. మా ఆయన రెండూ కుడికాలికే తొడిగాడు, సభలోనే. ఎవరూ నోరెత్తలేదు. మీ పెద్దత్తకు ఇంకో పని అప్పజెప్పు: మండపంలో కార్పెట్ అంచులు పైకి లేవకుండా టేపు వేయించమను. కాలికి తగిలి పడేది వాటివల్లే.