వెండి రంగు క్యాసియో ఏ158 కొనాలా, నల్ల ఎఫ్91 కొనాలా?

హనుమకొండవాసి:

పాతకాలపు డిజిటల్ వాచీ ఒకటి కొనాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎనభైల నాటి ఆ రూపమంటే నాకు ఇష్టం. వెండి రంగు క్యాసియో ఏ158 దాదాపు ఖాయం చేసుకున్నాను. కానీ దుకాణంలో చేతిలోకి తీసుకుంటే అనుకున్నంత బరువు లేదు. అడిగితే చైను, వెనుక మూత స్టీలేనని, కేసు మాత్రం ప్లాస్టిక్ మీద క్రోమ్ పూత అని చెప్పారు. పక్కనే ఇంకా తక్కువ ధరకు క్యాసియోదే నల్ల ప్లాస్టిక్ ఎఫ్91 ఉంది. రెండింటి లోపలా ఒకటే సరుకు అన్నారు. నేను రోజూ స్కూటర్ మీద తిరుగుతాను, వానలో తడుస్తాను, చెమట కూడా ఎక్కువ. రూపం మీద మోజుతో నాణ్యత వదులుకుంటున్నానా? వాడినవాళ్లు చెప్పండి.

కాకినాడ గడియారాలు:

కాకినాడలో వాచీలు బాగుచేయడం మా వృత్తి. నాన్నగారి తర్వాత ఆ బల్ల దగ్గర ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఈ రెండు వాచీలనూ విప్పి చూడటం నాకు అలవాటైన పని.

దుకాణంవారు చెప్పింది నిజమే. రెండింటిలోనూ 593 అనే ఒకే మాడ్యూల్, అంటే వాచీని నడిపే లోపలి భాగం, ఉంటుంది. నెలకు 30 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ చెప్పే లెక్క. మామూలు మెకానికల్ వాచీ ఒక్క రోజులోనే పది, ఇరవై సెకన్లు ముందుకో వెనక్కో పోతుంది. బరువుంటేనే మంచి వాచీ అనే నమ్మకం మెకానికల్ వాచీల కాలం నుంచి వచ్చింది, వీటికి వర్తించదు.

ఎఫ్91ని 1989లో ర్యుసుకే మొరియాయి రూపొందించారు. క్యాసియోలో ఆయన మొదటి డిజైన్ అదే. బరువు 21 గ్రాములు, మందం ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. తెర చుట్టూ ఉన్న సన్నని నీలి గీత, ఏ బొత్తాం ఏ పని చేస్తుందో దాని పక్కనే ముద్రించిన అక్షరాలు, చొక్కా చేతికి తగలని అంచులు చూడండి. అక్కరలేనిది ఒక్కటీ కనిపించదు. దీన్ని పాతకాలపు రూపం అనడం నాకు ఒప్పుగా తోచదు. పాతదాన్ని అనుకరించి చేసిన వాచీ కాదు ఇది, అప్పటి నుంచి ఆపకుండా తయారవుతున్న వాచీ.

ఆ బూడిద రంగు తెర వెనుక కూడా ఒక కారణం ఉంది. 1972లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన తొలి డిజిటల్ వాచీ పల్సర్‌లో ఎర్రని ఎల్‌ఈడీ అంకెలు ఉండేవి. అవి కరెంటు విపరీతంగా తాగేవి కనుక బొత్తాం నొక్కితేనే టైము కనిపించేది. 1973లో సీకో కంపెనీ తెచ్చిన ఆరంకెల ఎల్‌సీడీ వాచీలో టైము ఎప్పుడూ కళ్లెదుటే ఉండేది. ఎల్‌సీడీ తనంతట తాను వెలగదు, బయటి వెలుగునే వాడుకుంటుంది. అందుకే ఎండలో స్కూటర్ మీద కూడా అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి, ఒక్క సీఆర్2016 సెల్లుతో వాచీ ఏడేళ్ల దాకా నడుస్తుంది. ఇంత పొదుపుగా పనిచేసే వస్తువును చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక పూత సంగతి. ప్లాస్టిక్ మీద క్రోమ్ పూత కొత్తలో మెరిసిపోతుంది. చెమటలోని ఉప్పు, చైను రాపిడి కలిస్తే ముందుగా అంచుల్లో, చైను కేసును తాకే చోట అరుగుతుంది. సముద్రం పక్క ఊరు కావడం వల్ల ఇలాంటివి మా బల్ల మీదికి తరచూ వస్తాయి. ఏ కంపెనీ పూత అయినా ఒకసారి లేచాక మళ్లీ వేయించడం గిట్టుబాటు కాదు. ఎఫ్91కి ఆ బాధ లేదు. అది ప్లాస్టిక్, ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది. గీత పడినా లోపల వేరే రంగు బయటపడదు. బెల్టు కొన్నేళ్లకు బిరుసెక్కి విరుగుతుంది, అప్పుడు కొత్తది వేసుకుంటే సరి. మీ చెమట, మీ తిరుగుడు చూస్తే నా ఓటు నల్లదానికే.

తెనాలి మాస్టారు:

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కానీ నేను ఏ158 వైపే. నా మణికట్టు సన్నం, పెద్ద వాచీలు నప్పవు. స్టీలు చైనులో జారే కొక్కెం ఉంటుంది, లింకులు తీయించే పని లేకుండా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. మడత పలకల మధ్య చేతి వెంట్రుకలు చిక్కుకునే మాట మాత్రం నిజం. ఉతికిన తెల్ల చొక్కా మీద ఆ వెండి రంగు ఎంత హుందాగా ఉంటుందో నల్ల ప్లాస్టిక్ వాచీ పెట్టుకున్నవారికి చెప్పి ఒప్పించలేం.

ఒక లోటు తెలుసుకుని కొనండి. ఈ మాడ్యూల్‌కు సంవత్సరం తెలియదు. ఫిబ్రవరికి ఎప్పుడూ 28 రోజులే లెక్క. లీపు ఏడాదిలో తేదీ మనమే మార్చుకోవాలి. 1974లో వచ్చిన క్యాసియో మొదటి చేతి వాచీ క్యాసియోట్రాన్‌కు నెలల నిడివి తనంతట తానే లెక్కపెట్టడమే పెద్ద పేరు తెచ్చింది. అలాంటి కంపెనీ ఇక్కడ ఆ సంగతి వదిలేయడం నాకు నచ్చలేదు. స్టాప్‌వాచ్ కూడా గంట వరకే. పరీక్ష హాలులో మూడు గంటలు కొలవాలంటే పనికిరాదు.

హనుమకొండవాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. వాన మాట ఎవరూ చెప్పలేదు. డయల్ మీద ‘వాటర్ రెసిస్ట్’ అని ఉంది కదా, సరిపోతుందా? రాత్రి వెలుతురు ఎలా ఉంటుంది?

కాకినాడ గడియారాలు:

మీటర్ల అంకె లేకుండా ఆ మాట ఒక్కటే ఉంటే చినుకులకు, చేతులు కడిగేటప్పుడు పడే నీళ్లకు మాత్రమే హామీ. జల్లులో ఇంటికి చేరుకోవచ్చు. ఈత వద్దు, తడిగా ఉన్నప్పుడు బొత్తాలు నొక్కవద్దు. గంటల తరబడి కుండపోతలో తిరిగే పని అయితే క్యాసియోలోనే ఏఈ1200 చూడండి. 100 మీటర్ల రక్షణ, పదేళ్ల సెల్లు, 2099 దాకా సరైన క్యాలెండర్ ఉన్నాయి. మాస్టారి ఫిర్యాదు కూడా తీరుతుంది. కేసు కాస్త పెద్దది.

వెలుతురు ఈ రెండు వాచీలకూ బలహీనమే. ఎడమ పక్క ఒక చిన్న ఆకుపచ్చ దీపం, కుడి చివరి అంకెలు మసకగానే ఉంటాయి. చీకట్లో ఎక్కువగా చూసుకునేవారైతే క్యాసియోదే ఏ168 తీసుకోండి, తెర మొత్తం సమానంగా వెలుగుతుంది. దాని కేసు కూడా పూత వేసిన ప్లాస్టిక్కే.

అసలైన లోహం కావాలంటే వేరే ధరల్లోకి వెళ్లాలి. 2020లో హామిల్టన్ కంపెనీ నేను పైన చెప్పిన ఆ పాత పల్సర్ రూపాన్నే పీఎస్ఆర్ పేరుతో మళ్లీ తెచ్చింది. స్టీలు కేసు, నీలమణి అద్దం, 100 మీటర్ల రక్షణ. పగలు ఎల్‌సీడీ అంకెలు, బొత్తాం నొక్కితే ఓఎల్‌ఈడీ వెలుగు. పని గొప్పగా చేశారు. కానీ ఆ ధరకు ఎఫ్91లు ఒక సంచి నిండా వస్తాయి.

నకిలీలు విపరీతంగా ఉన్నాయి, జాగ్రత్త. ఎఫ్91, ఏ158 ఏది కొన్నా కుడివైపు బొత్తాన్ని కొద్ది సెకన్లు నొక్కి పట్టుకోండి, తెర మీద కంపెనీ పేరు రావాలి. అది రానిదాన్ని కొనవద్దు. వచ్చినంత మాత్రాన అసలుదేనని నమ్మలేం, ఆ పేరును కూడా అనుకరించే నకిలీలు ఉన్నాయి. బిల్లు ఇచ్చే చోటే కొనండి. సెల్లు మార్పించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. వెనుక మూత కింద రబ్బరు రింగు మెలిక పడకుండా గాడిలో కూర్చోవాలి, లేకపోతే తర్వాతి వానకే తెరలోపల ఆవిరి పడుతుంది. మాడ్యూల్ మీద సన్నని స్ప్రింగు ఒకటి ఉంటుంది, మూతకు అంటిన బజరుకు కరెంటు అందించేది అదే. మూత తీసినప్పుడు అది ఎగిరిపోతే వాచీ నడుస్తుంది గానీ అలారం మోగదు. కాబట్టి బిగించిన వెంటనే అక్కడే బీప్ వినిపించమని అడగండి, విన్నాకే డబ్బులు ఇవ్వండి.