మింట్ మార్కు లేని 2 రూపాయల బిళ్ళకు 2 లక్షలా? మోసమా, తెలియకా?

పెన్నాగట్టు:
ఒక వేలం సైట్లో మన నెల్లూరు మనిషే పెట్టాడు: "2 రూపాయల బిళ్ళ, మింట్ మార్కు పడలేదు, అరుదైన ఎర్రర్, 2 లక్షలు". మింట్ మార్కు అంటే బిళ్ళను ఏ టంకశాలలో కొట్టారో చెప్పే గుర్తు. బిళ్ళ మీద సంవత్సరం అంకెల కింద ముంబైకి డైమండ్, హైదరాబాద్‌కి నక్షత్రం, నోయిడాకి చుక్క ఉంటాయి. కోల్‌కతాకి అసలు మార్కే ఉండదు. అంటే అది కోల్‌కతాలో కొట్టిన మామూలు బిళ్ళ, టీకి కూడా చాలదు. మోసం అని రిపోర్ట్ కొట్టాను. తప్పంటారా?

కందుకూరోడు:
తొందరపడ్డావన్నా. మా నాన్న వైష్ణోదేవి 5 రూపాయల బిళ్ళలు 11 దాచుకున్నాడు. 2012లో వచ్చినవి, ఇప్పటికీ చిల్లరలో దొరుకుతాయి. ఏదో వీడియో చూసి లక్షలు వస్తాయని నమ్మాడు. ఆయన్నీ దొంగంటావా?

ఒంగోలు మాస్టారు:
తెలియనివాడైతే చెప్తే వింటాడు కదా. రామదర్బారు బొమ్మ, 1818, ఈస్టిండియా కంపెనీ అని ఉన్న ఇత్తడి బిళ్ళకు ఒకతను 5 లక్షలు పెట్టాడు. కంపెనీవాళ్ళు దేవుళ్ళ బొమ్మలు వేయలేదు బాబూ, ఇది చెలామణి నాణెం కాదు, ఎవరో పోతపోసిన టోకెన్ అని మెసేజ్ పెట్టాను. నన్ను బ్లాక్ చేసి, మర్నాడు 6 లక్షలు చేశాడు.

కావలి పాతబిళ్ళలు:
టోకెన్ అన్నమాట నిజమే మాస్టారూ, కారణమే తప్పు. మద్రాసులో కంపెనీవాళ్ళు మూడు స్వాముల వరహా కొట్టారు. మధ్యలో స్వామి, అటూ ఇటూ దేవేరులు. కాకపోతే అది బంగారం, తూకం మూడున్నర గ్రాముల లోపే. మనమే తప్పు చెప్తే అతనెందుకు వింటాడు?

నా సంగతి వినండి. "కొత్తదానిలా ఉంది" అంటే 1835 నాటి క్వార్టర్ అణా రాగి బిళ్ళ 900కి కొన్నాను. వచ్చింది చూస్తే గులాబీ రంగులో మెరుస్తోంది, అక్షరాల సందుల్లో చింతపండు పీచు! రాగి మీద ఆ పాత రంగు పోతే విలువేముంది? ఫోన్ చేస్తే, "శుభ్రంగా తోమి పంపాను కదా సార్" అన్నాడు, పాపం. మోసం కాదు, కానీ నా 900 పోయాయిగా. తూకం, రెండు వైపులా ఫోటో లేకుండా సైట్లు పెట్టనివ్వకూడదు.

ఒంగోలు మాస్టారు:
వరహా సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. ఆ 6 లక్షలాయన తెలియక పెట్టాడంటే మాత్రం ఒప్పుకోను.

కందుకూరోడు:
అసలు దొంగలు ఇంకో వైపున్నారు. నాన్న ప్రకటన పెట్టిన మూడో రోజే ఫోన్: "రిజర్వ్ బ్యాంకు నుంచి, మీ బిళ్ళలు 10 లక్షలకు తీసుకుంటాం, ముందు రిజిస్ట్రేషన్‌కి 2 వేలు కట్టండి". తమ పేరుతో ఇలా ఫీజులడిగితే నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది. అది చూపిస్తే గానీ ఆయన ఆగలేదు.

పెన్నాగట్టు:
సరే, రిపోర్ట్ అలాగే ఉంచి అతనికీ మెసేజ్ పెట్టాను, అది కోల్‌కతా బిళ్ళ అని. ఇప్పుడే జవాబొచ్చింది: "ఓహో కోల్‌కతాదా, అయితే ఇంకెంత పెంచొచ్చన్నా?"