సబ్‌వూఫర్ సినిమాకి మోగుతోంది, పాటలకి మాత్రం చప్పుడే లేదు: లోపం సబ్‌లోనా, నా సెట్టింగుల్లోనా?

కొత్తసెటప్:
అందరికీ నమస్తే. చాలా రోజులు ఆగి ఆగి 5.1 ఏవీ రిసీవర్, ఐదు స్పీకర్లు, 10 అంగుళాల పవర్డ్ సబ్ తీసుకున్నాను. సబ్ వెనక ఎల్, ఆర్ అని రెండు సాకెట్లున్నాయి, ఒకదాని కింద ఎల్‌ఎఫ్‌ఈ అని కూడా రాసుంది. రిసీవర్‌లోని సబ్‌వూఫర్ ప్రీ అవుట్ (సబ్‌కి సిగ్నల్ పంపే సాకెట్) నుంచి ఒక ఆర్‌సీఏ కేబుల్ తెచ్చి అందులో పెట్టాను. 5.1 సినిమా వేస్తే పేలుళ్లకి బాగానే మోగుతుంది. పాటలు వేసినా, టీవీ చూసినా ఏమీ రాదు, కోన్ మీద మెల్లగా వేలు ఆనించి చూశాను, కొంచెం కూడా కదలడం లేదు. ఇంకో సమస్య, సినిమాలో కూడా సోఫాలో కూర్చుంటే బాస్ పల్చగా ఉంటుంది, అదే లేచి వెనక తలుపు దగ్గర నిలబడితే గుండెల్లో గుద్దినట్టు వినిపిస్తుంది. సోఫా గది మధ్యలో ఉంది, సబ్ ముందు మూలలో. సబ్ మీద క్రాసోవర్ నాబ్ (ఎన్ని హెర్ట్జ్ కింది బాస్ సబ్ వాయించాలో చెప్పేది) 80 దగ్గర, వాల్యూమ్ సగంలో, ఫేజ్ (సబ్ అలలు మిగతా స్పీకర్ల అలలతో కలిసేలా సర్దేది) 0లో ఉన్నాయి. మైక్ పెట్టి ఆటో సెటప్ చేస్తే ముందు స్పీకర్లు "లార్జ్" అని వచ్చాయి. రెండు సాకెట్లకీ సిగ్నల్ ఇవ్వడానికి, ఒకటి రెండుగా చీలే వై కేబుల్ కొనాలా? సబ్ వాపసు ఇచ్చేయాలా? గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

బాస్‌బాట:
వాపసు ఇవ్వకండి, సబ్ బాగానే ఉంది. మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉంది, ఆ "లార్జ్" అన్న మాటే.

5.1లో ఆ .1 అంటే ఎల్‌ఎఫ్‌ఈ ఛానెల్, పేలుళ్ల లాంటి లోతైన శబ్దాల కోసం విడిగా ఉండేది. సినిమాలో దానికి విడిగా సౌండ్ ఉంటుంది కాబట్టి అది నేరుగా సబ్‌కి వెళ్తుంది. పాటలు చాలావరకు స్టీరియో, వాటిలో ఆ ఛానెలే లేదు. ముందు స్పీకర్లు లార్జ్ అని పెడితే, బాస్ మొత్తం అవే మోయగలవని రిసీవర్ అనుకుంటుంది, సబ్‌కి ఏమీ పంపదు. స్పీకర్లన్నీ "స్మాల్" చేయండి. స్మాల్ అంటే స్పీకర్ సైజు గురించి కాదు, కింది బాస్ సబ్‌కి అప్పగించమని చెప్పడం, అంతే. క్రాసోవర్ 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి, సరౌండ్ స్పీకర్లు మరీ చిన్నవైతే వాటికి మాత్రం 100 లేదా 120.

రెండోది, సబ్ మీదున్న క్రాసోవర్ నాబ్‌ని చివరిదాకా తిప్పేయండి, ఎల్‌ఎఫ్‌ఈ లేదా బైపాస్ అని స్విచ్ ఉంటే అందులో పెట్టండి. బాస్ విడగొట్టే పని రిసీవర్ చేస్తున్నప్పుడు ఇక్కడ 80లో ఉంచితే ఒకే సిగ్నల్ రెండుసార్లు కోతకు గురవుతుంది. పైగా ఎల్‌ఎఫ్‌ఈ ఛానెల్ 120 హెర్ట్జ్ దాకా ఉంటుంది, 80 పైన ఉన్న భాగం ఆ నాబ్ దగ్గరే ఆగిపోతోంది.

మెనూలో "ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్" అని కనిపిస్తే జోలికి పోకండి, ఒకే బాస్ రెండు చోట్ల నుంచి వచ్చి బురదబురదగా అవుతుంది. పాటలు "ప్యూర్ డైరెక్ట్" మోడ్‌లో (రిసీవర్ సౌండ్‌ని మార్చకుండా నేరుగా పంపే మోడ్) వింటున్నారేమో కూడా చూసుకోండి, చాలా రిసీవర్లలో ఆ మోడ్‌లో స్టీరియోకి సబ్ పలకదు. వై కేబుల్ అవసరం లేదు.

గదిలోఅల:
పైన చెప్పినవన్నీ కరెక్ట్. సోఫా సంగతి నేను చెప్తాను, నిజానికి ఎక్కువ తేడా వచ్చేది అక్కడే.

40 హెర్ట్జ్ అల పొడవు సుమారు 8.6 మీటర్లు. గది పొడవు 4.3 మీటర్లు అనుకుంటే అందులో సరిగ్గా సగం అల పడుతుంది, అప్పుడు గోడల దగ్గర ఒత్తిడి బాగా పెరిగి నట్టనడుమ దాదాపు ఖాళీ అవుతుంది. మీరు కూర్చున్నది ఆ ఖాళీలోనే. ఈక్వలైజర్‌తో అక్కడ బాస్ పెంచుదామనుకుంటే యాంప్లిఫయర్‌కి శ్రమ తప్ప చెవికి ఏమీ దక్కదు. ముందు సోఫాని ఒకటి రెండు అడుగులు వెనక్కి జరపండి, కానీ గోడకి ఆనించకండి.

ఆ తర్వాత సబ్‌ని మోసుకొచ్చి మీరు కూర్చునే చోటే పెట్టండి. బేస్ గిటార్ పైకీ కిందకీ నడిచే పాట ఒకటి తిప్పి తిప్పి వేస్తూ, చేతులూ మోకాళ్ల మీద గోడల వెంబడి పాకుతూ వినండి, చెవి సబ్ ఉండే ఎత్తులో ఉండాలి. ఒక చోట ఒకే స్వరం హోరుమంటుంది, రెండడుగులు జరిగితే అదే స్వరం మాయమవుతుంది. అన్ని స్వరాలూ ఒకే బలంతో వినిపించే చోట నేల మీద టేపు అంటించండి, సబ్ అక్కడికి వెళ్లాలి. మూలలో పెడితే శబ్దం పెద్దగా వస్తుంది, నిజమే, కానీ హోరు కూడా అక్కడే ఎక్కువ.

చోటు కుదిరాక మైక్‌తో మళ్లీ ఆటో సెటప్ చేయండి, స్పీకర్లు మళ్లీ లార్జ్ అయితే స్మాల్‌కి మార్చండి. సబ్ దూరం అసలు దూరం కంటే ఎక్కువ చూపిస్తే దిద్దకండి, సబ్ లోపలి సర్క్యూట్ వల్ల కలిగే ఆలస్యాన్ని రిసీవర్ అలా లెక్కలోకి తీసుకుంటుంది. చివర్లో మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరితో ఫేజ్ స్విచ్ 0 నుంచి 180కి మార్పించండి, క్రాసోవర్ దగ్గరి బాస్ ఎందులో నిండుగా ఉంటే అదే ఉంచండి.

పాతకేబుల్:
ఒక చిన్న మాట. ఆటో సెటప్ అయ్యాక సబ్ లెవెల్ మైనస్ 12 అని వస్తే సబ్ వెనక వాల్యూమ్ ఎక్కువైందని అర్థం, చాలా రిసీవర్లలో అదే కింది హద్దు. నాబ్ కొంచెం తగ్గించి మళ్లీ కొలవండి. గుయ్ మని హమ్ వస్తే టీవీ యాంటెన్నా కేబుల్ పీకి చూడండి, ఆగిపోతే ఎర్త్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి హమ్ తెచ్చే చిక్కు) అక్కడే ఉంది. రిసీవర్, సబ్ రెండూ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టినా చాలాసార్లు తగ్గుతుంది. హమ్ పోవాలని ఎర్త్ పిన్ మాత్రం తీయొద్దు, ప్రాణం మీదికొస్తుంది.

కొత్తసెటప్:
అందరికీ చాలా థ్యాంక్స్! స్మాల్‌కి మార్చగానే పాటల్లో కోన్ కదిలింది, మళ్లీ వేలు పెట్టి మరీ చూశాను. సోఫా అడుగున్నర వెనక్కి జరిపాను. ముందు గోడకి మధ్యలో, టీవీకి ఎడమ పక్కన బేస్ గిటార్ అన్ని స్వరాల్లో సమంగా వినిపించింది, టేపు అంటించి సబ్ అక్కడ పెట్టేశాను. మొదటిసారి లెవెల్ మైనస్ 12 వచ్చింది, నాబ్ తగ్గించాక మైనస్ 4. ఫేజ్ 180లో నిండుగా ఉంది. ఒక్కటి మిగిలింది: రాత్రి తక్కువ వాల్యూమ్‌లో చూస్తుంటే మధ్యలో సబ్ తనంతట తానే ఆఫ్ అయిపోతోంది, ఇది మామూలేనా?

బాస్‌బాట:
మామూలే. ఆటో ఆన్ స్విచ్‌కి మేలుకునేంత సిగ్నల్ అందడం లేదు. సబ్ నాబ్ ఇంకాస్త తగ్గించి మళ్లీ కొలిస్తే రిసీవర్ లెవెల్ మైనస్ 4 నుంచి పైకి వస్తుంది, సబ్‌కి సిగ్నల్ పెరుగుతుంది. అప్పటికీ సబ్ ఆఫ్ అవుతూనే ఉంటే ఆటో తీసేసి "ఆన్"లో ఉంచండి, పడుకునేముందు ఆపేయండి.