పిల్లల చాట్ భాషకి పట్టిక కాకుండా పద్ధతేమైనా ఉందా?

చత్వారం:
14–16 ఏళ్ల పిల్లలు గ్రూపుల్లో రాసుకునేది చదివితే అక్షరాలన్నీ తెలిసినవే, ముక్క మాత్రం బోధపడదు. పొట్టి మాటల పూర్తి రూపాల పట్టికలు నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి. వాటితో పని జరగట్లేదు. ఉదాహరణకి వరసగా వచ్చే ఇలాంటి నాలుగు మెసేజ్‌లు తీసుకోండి (పలికినట్టే తెలుగులో దింపాను):

— ఎన్‌జీఎల్ ఆ ఎడిట్ మిడ్
— బ్రో డిడంట్ కుక్, పక్కన పుర్రె బొమ్మ
— నో క్యాప్ రేపు ఎగ్జామ్‌లో మనం కుక్డ్
— ఎఫ్ఆర్, పక్కన రెండు ఏడుపు మొహాలు

కొత్త మాట తగిలితే సరైన అర్థం పట్టుకునే దారి ఏది? ఒకే మాటకి రెండు మూడు అర్థాలుంటే ఏది తీసుకోవాలి? వీటిలో నిజంగా కంగారు పడాల్సినవి ఏవి? పిల్లల్నే అడగొచ్చుగా అనకండి, "ఏం లేదు" అనే జవాబు అందరికీ తెలిసిందే.

గూట్లోపిట్ట:
ముందు ఆ నాలుగూ విప్పుదాం.

ఎన్‌జీఎల్ అంటే "నాట్ గొన్నా లై". మన "నిజం చెప్పాలంటే" లాంటిది, దాని వెనకాల తరచూ ఓ చేదు మాట ఉంటుంది. మిడ్ అంటే నిఘంటువులో మధ్యరకం, ఇక్కడ మాత్రం తిట్టే. "ఆ, ఏదో ఉందిలే" అని పెదవి విరవడం. ఎడిట్ అంటే వీడియో ముక్కలు కత్తిరించి పాటకి అతికించిన చిన్న క్లిప్పు.

రెండో వరసలో "బ్రో" పిలుపు కాదు, సర్వనామం. "వాడు" అని చదవండి: ఆ ఎడిట్ చేసినవాడు. చాలామంది తడబడేది ఇక్కడే, తమనే అంటున్నారనుకుంటారు. కుక్ అంటే పనితనం చూపించడం. "లెట్ హిమ్ కుక్" అంటే వాణ్ణి కదపకండి, ఏదో గట్టిగా చేస్తున్నాడు అని. డిడంట్ కుక్ అంటే తుస్సుమనిపించాడు. మూడో వరసకి వచ్చేసరికి అదే మాట "కుక్డ్" అయి అడ్డం తిరిగింది: మన పని అయిపోయింది. వండేవాడు గొప్పవాడు, వండబడ్డవాడు బలి. క్యాప్ అంటే కోతలు కోయడం, నో క్యాప్ అంటే ఒట్టు. ఎఫ్ఆర్ "ఫర్ రియల్", అంటే "అవును మరి". పుర్రె అంటే నవ్వలేక చచ్చానని. ఏడుపు మొహం కూడా చాలాసార్లు నవ్వే. ఇక్కడ పరీక్ష మాట తర్వాత వచ్చింది కాబట్టి సగం నవ్వు, సగం గోడు.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగు వరసల్లో పొట్టి అక్షరాలు రెండే. మిగతావన్నీ మామూలు మాటలు వేషం మార్చుకున్నవి. పట్టికలు పనిచెయ్యకపోవడానికి కారణం అదే. పొట్టి అక్షరాలు కనబడగానే "ఇది నాకు తెలీదు" అని తెలుస్తుంది. బెట్ (సరే, అలాగే), ఏట్ (అదరగొట్టింది), మిడ్, కుక్ లాంటివి తెలిసిన మొహంతోనే వచ్చి బోల్తా కొట్టిస్తాయి.

వెతికే పద్ధతి:

1. మాటను ఒంటరిగా వెతక్కండి. "కుక్" అని కొడితే వంటలే వస్తాయి. "డిడంట్ కుక్" అని మొత్తం పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన "స్లాంగ్ మీనింగ్" చేర్చండి. మాట ఎక్కడ కనబడిందో ఆ యాప్ పేరో, ఆట పేరో కూడా కలిపితే ఇంకా మంచిది.

2. అర్బన్ డిక్షనరీ ముందే తగులుతుంది. 1999 నుంచి ఉన్న సైటు, ఎవరైనా రాయొచ్చు. అక్కడే చిక్కు. పైనున్న అర్థానికి ఓట్లు ఎక్కువుంటే అది సరైనదని కాదు, పాతదై ఉండొచ్చు, ఉత్త జోకూ అయి ఉండొచ్చు. ప్రతి అర్థం కింద తేదీ ఉంటుంది. గత రెండేళ్లలోవి నాలుగైదు చదివి, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది తీసుకోండి. ఒక్కరే రాసిన బూతు అర్థాన్ని పట్టుకుని ఇంట్లో పంచాయితీ పెట్టకండి. అక్కడ ఏ మాటకైనా ఒక బూతు అర్థం దొరుకుతుంది.

3. మీమ్‌లోంచి పుట్టిన మాటైతే నో యువర్ మీమ్ అనే సైటు నయం. ఎక్కడ మొదలైంది, ఎలా పాకింది అనేది తేదీలతో ఉంటుంది. పేజీ మీద "కన్ఫర్మ్డ్" అని ఉందా, "సబ్మిషన్" అని ఉందా చూడండి. రెండోదైతే ఇంకా పరిశీలనలో ఉన్నట్టు.

4. చివరికి నమ్మదగింది వాడుకే. అదే యాప్ వెతుకులాటలో ఆ మాట కొట్టి 10–15 చోట్ల ఎలా వాడారో చదవండి. మీరనుకున్న అర్థాన్ని దాని స్థానంలో పెట్టి చూడండి. మూడు నాలుగు చోట్ల అతకకపోతే అర్థం తప్పయినా అయి ఉండాలి, ఎకసెక్కంగా వాడి అయినా ఉండాలి.

పెద్ద నిఘంటువుల కోసం ఆగితే ఆలస్యమే. ఓఎంజీ ("ఓ మై గాడ్") అనేది 1917లో బ్రిటిష్ నౌకాదళం అడ్మిరల్ ఫిషర్ చర్చిల్‌కి రాసిన ఉత్తరంలోనే ఉంది, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలోకి ఎక్కింది 2011 మార్చిలో. లోల్ ("లాఫింగ్ అవుట్ లౌడ్", పగలబడి నవ్వడం) కూడా అప్పుడే. ఈమధ్య కాస్త తొందరపడుతున్నారు లెండి, స్కిబిడీ (ఒకోసారి మంచి, ఒకోసారి చెడ్డ, ఒకోసారి అర్థమే లేని మాట), డెలులు (భ్రమల్లో ఉన్న) కేంబ్రిడ్జ్ డిక్షనరీలోకి 2025 ఆగస్టులో వచ్చేశాయి.

కామా:
రెండో ప్రశ్నకి నేను. ఒకే పొట్టి మాటకి చాలా అర్థాలున్నప్పుడు అది వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూడాలి.

ఏఎస్ఎల్ మంచి ఉదాహరణ. పాత చాట్‌రూముల్లో అది "వయసెంత, ఆడా మగా, ఎక్కడుంటావు" అనే ప్రశ్న. ఇప్పటి పిల్లలు "టైర్డ్ ఏఎస్ఎల్" అంటే "యాజ్ హెల్", మహా అలసటగా ఉందని. విశేషణం వెనకాల తోకలా వస్తే కొత్త అర్థం. ప్రశ్న గుర్తుతో ఒంటరిగా, అందులోనూ ముక్కూమొహం తెలియని ఖాతా నుంచి వస్తే పాత అర్థమే. అప్పుడు జాగ్రత్త పడాలి.

ఓటీపీ బ్యాంకు సందర్భంలో పాస్‌వర్డు. సీరియళ్లు, యానిమే (జపాన్ కార్టూన్లు) అభిమానుల దగ్గర "వన్ ట్రూ పెయిరింగ్", అంటే కథలో వాళ్లిద్దరే జంట కావాలని మనసుపడ్డ జోడీ. "వీళ్లే నా ఓటీపీ" అంటే ఎవరి ఖాతాకీ ముప్పు లేదు. ఓపీ చర్చల్లో అయితే మొదటి పోస్టు పెట్టినవాళ్లు (ఇక్కడ చత్వారం గారు), ఆటల్లో అయితే "ఓవర్‌పవర్డ్", ఆపలేనంత బలమైన పాత్రో ఆయుధమో. ఏటీఎమ్ అంటే "యట్ ద మూమెంట్", ప్రస్తుతానికి. ఒక్క డబ్ల్యూ అంటే గెలుపు, ఒక్క ఎల్ అంటే ఓటమి.

లోల్ సంగతి వేరే. దాన్ని ఇప్పుడు నవ్వుగా చదివితే సగం మెసేజ్‌లు తప్పుగా అర్థమవుతాయి. అమెరికన్ భాషావేత్త జాన్ మెక్‌వార్టర్ 2013లోనే చెప్పాడు, అది నవ్వును కాక ఇద్దరి మధ్య సర్దుబాటును సూచించే మాటగా మారిందని. "ఇంకా మొదలుపెట్టలేదు లోల్" అన్నదాంట్లో నవ్వేం లేదు, "ఏమనుకోకు" అనే మెత్తదనం ఉంది. మన "లెండి", "లే" చేసే పనికి దగ్గర. నిజంగా నవ్వొస్తే లోల్ రాయరు. పుర్రె పెడతారు, లేదా కీబోర్డు మీద చెయ్యి పడ్డట్టు అర్థం లేని అక్షరాలు వరసగా కొడతారు.

తోకచుక్క:
మాటల కన్నా చుక్కలతోనే పెద్దవాళ్లకి ఎక్కువ గొడవలు. మెసేజ్ చివర ఫుల్‌స్టాప్ పెట్టడం మనకి మర్యాద. చాట్‌లో మెసేజ్ పంపడంతోనే వాక్యం ముగుస్తుంది, కనక చుక్క అదనం. అదనంగా ఉన్నదానికి అర్థం వెతుకుతారు, "సరే." అంటే కోపం అనుకుంటారు. అమెరికాలో బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో పరీక్షించి చూశారు కూడా: ఒక్క మాట జవాబు చివర చుక్క ఉంటే చదివినవాళ్లకి మనస్ఫూర్తిగా అన్నట్టు అనిపించలేదు. చేత్తో రాసిన చీటీలో అదే చుక్క ఉంటే ఆ తేడా రాలేదు. ఒక్క "కె" అక్షరంతో జవాబిచ్చినా అంతే, మొహం మీద తలుపేసినట్టు.

బొటనవేలు బొమ్మ మనకి "అందింది". పిల్లల్లో చాలామందికి "ఇక చాల్లే". కోర్టు దృష్టిలో మళ్లీ ఇంకో అర్థం: కెనడాలోని సస్కాచెవాన్‌లో 2023లో ఒక రైతు, కాంట్రాక్టు ఫొటోకి బొటనవేలు బొమ్మ పంపితే అది ఒప్పుకోలు కిందే లెక్క అని న్యాయమూర్తి తేల్చారు. అవిసెలు ఇవ్వనందుకు 82,000 కెనడా డాలర్ల పైచిలుకు కట్టమన్నారు.

వాక్యం చివర ఏటవాలు గీత, దాని పక్కన అక్షరాలు కనిపిస్తే అవి స్వరం గుర్తులు. గీత ఎస్ అంటే వెటకారం, గీత జె అంటే జోకు, గీత ఎస్‌ఆర్‌ఎస్ అంటే సీరియస్‌గానే, గీత జెన్ అంటే నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా అని. వీటిని పిల్లల నుంచి ధైర్యంగా అరువు తెచ్చుకోవచ్చు, ఎవరూ నవ్వరు.

నిమ్మళం:
మూడో ప్రశ్న. "తల్లిదండ్రులకు తెలియాల్సిన 50 రహస్య కోడ్‌లు" అంటూ తిరిగే ఫార్వర్డ్‌లు పక్కన పడేయండి. పీఓఎస్ అంటే "వెనక అమ్మానాన్నలున్నారు" లాంటివి పాత చాట్‌రూముల కాలంవి. అసలు గమనించాల్సినవి ఇవి.

కేవైఎస్ అంటే "చచ్చిపో" అని ఎదుటివాళ్లని అనడం. ఆటల చాట్‌లో విచ్చలవిడిగా వాడతారు, అయినా అది వేధింపే. ఒకే మనిషికి పదేపదే వస్తుంటే ముందు ఖాతా పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాత రిపోర్టు, ఆ తర్వాతే బ్లాక్. ముందే బ్లాక్ చేస్తే కొన్ని యాప్‌లలో పాత సంభాషణ చేతికి దొరకదు.

కేఎమ్ఎస్ అంటే "నేను చచ్చిపోతా". ఎక్కువ శాతం "హోంవర్క్ ఇంకా ఉంది కేఎమ్ఎస్" రకం అతిశయోక్తే. చిన్న కారణం, పక్కన నవ్వు బొమ్మ ఉంటే అలా వదిలేయొచ్చు. కారణమేదీ లేకుండా రావడం, "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాటలు తోడవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నిద్ర తిండి మారడం కనిపిస్తే చాట్‌ని పక్కన పెట్టి ఎదురుగా కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, అదే రోజు డాక్టరుకో సహాయ ఫోన్ లైనుకో చెప్పండి.

అన్‌అలైవ్ అనే మాట చావుకి మారుపేరు. యాప్‌లు చావు, ఆత్మహత్య లాంటి మాటలున్న వీడియోలను తొక్కిపెడతాయన్న భయంతో పుట్టింది. సెక్స్ అనకుండా "సెగ్స్" అనడం, పోర్న్‌కి బదులు మొక్కజొన్న బొమ్మ పెట్టడం ఆ కోవలోవే. మాట వింతగా ఉంది కదా అని సంగతి తేలికనుకోకండి. నిజమైన బాధ చెప్పుకునేవాళ్లూ ఇదే మాట వాడతారు.

గూట్లోపిట్ట:
నిమ్మళం గారి మాటకి తోడుగా అంకెలు. సందర్భం చూడకపోతే ఇవి మరీ ప్రమాదం. 88 చైనీయుల చాట్‌లో "బైబై", ఎనిమిదిని వాళ్లు "బా" అంటారు కనక. పాశ్చాత్య దేశాల్లో అదే అంకె నాజీ అభిమానుల సంకేతం, ఇంగ్లీషులో ఎనిమిదో అక్షరం హెచ్ కాబట్టి హిట్లర్ జేజేలకి గుర్తు. ఖాతా పేరు చివర ఉంటే చాలాసార్లు ఉత్త పుట్టిన సంవత్సరమే. 555 థాయ్ వాళ్ల నవ్వు, అయిదు వాళ్లకి "హా". బ్రెజిల్ వాళ్లు వరసగా "కె"లు కొడితే నవ్వుతున్నట్టే, కసురుకుంటున్నట్టు కాదు. 143 అయితే పేజర్ల నాటిది, "ఐ లవ్ యూ"లో ఒక్కో మాటకి ఎన్ని అక్షరాలో లెక్కపెట్టుకోండి.

చత్వారం:
పద్ధతి ప్రకారం "డెలులు" మీద ప్రయత్నించాను. డెల్యూజనల్ నుంచి వచ్చింది, కొరియన్ పాటల అభిమానుల్లో మొదలైంది. పది వాడుకలు చూస్తే ఆరింటిలో సరదా, నాలుగింటిలో వెక్కిరింత. ఏది తీసుకోవాలి?

కామా:
రెండూ. కర్త ఎవరో చూడండి. "నేను డెలులు" అంటే పగటి కలలు కంటున్నానని తనమీద తనే వేసుకునే జోకు. "నువ్వు డెలులు" అంటే భ్రమలో ఉన్నావని ఎత్తిపొడుపు. మన "పిచ్చి" కూడా అంతేగా, "నాకు పాటలంటే పిచ్చి" వేరు, "నీకు పిచ్చా" వేరు.

చత్వారం:
బాగుంది. పోతే, మాటిమాటికీ తగిలేది ఇంకొకటి, ఐవైకేవైకే. పూర్తి రూపం తెలుసు, "ఇఫ్ యూ నో, యూ నో". ప్రతిసారీ దేని గురించో మాత్రం అంతుపట్టదు.

తోకచుక్క:
తెలిసినవాళ్లకే తెలుస్తుందని. దీనికి గూగుల్ పనికిరాదండీ, దాని అర్థం ఆ పూట అక్కడున్న నలుగురి దగ్గరే ఉంటుంది.