'అరిగిపోయిన రికార్డు': అరిగితే నిజంగా చెప్పిందే చెబుతుందా?

చెప్పిందే చెప్పి విసిగించేవాళ్ళని 'అరిగిపోయిన రికార్డు' అంటాం కదా. ఈ మధ్య నాన్న దాచిన రికార్డులన్నీ బయటికి తీసి వరసగా వింటున్నాను. వింటున్నకొద్దీ ఈ మాట మీద నాకు అనుమానం పెరుగుతోంది.

బాగా అరిగిన ఎల్‌పీ, అంటే ఒక్కో వైపు చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు, ఒకటుంది. ఇంటిల్లిపాదికీ ఇష్టమైన పాటలు, కాబట్టి ముల్లు దాని మీద తిరిగినంతగా మరి దేని మీదా తిరగలేదు. అది మొదలెడితే చివరిదాకా ఎక్కడా ఆగదు. కాకపోతే గరగర, 'స' వచ్చిన చోటల్లా బుస. తాళాల మోత మొద్దుబారిపోయింది. అంతేగానీ పాడిందే పాడదు.

పాడిందే పాడేది ఇంకొకటి. ఒక్క గీత తప్ప కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. గీత దగ్గరికి రాగానే ముల్లు ఎగిరి, అప్పుడే దాటొచ్చిన గాడిలో మళ్ళీ పడుతుంది. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకి 1.8 సెకన్లు. ఆ కాస్తలో పట్టేది చరణం చివరి మాట సగం, దాని వెనక వయొలిన్ ముక్క. ఎవరో ఒకరు లేచి ముల్లుని కొంచెం ముందుకి తొయ్యాలి. మా చెల్లెలు ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా ఆ సగం మాటని రెండుసార్లు అంటుంది. రికార్డు అలాగే నేర్పింది మరి!

ఈ లెక్కన మనం 'గీతపడ్డ రికార్డు' అనాలి. ఇంగ్లీషువాళ్ళు 'పగిలిన రికార్డు' అంటారు, అది మనకి అంటుకోలేదు.

అయితే మన జాతీయాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డుల సంగతి వేరు. అవి లక్కతో, రాతిపొడి కలిపి చేసినవి. వాటి మీద తిరిగేది ఉక్కు ముల్లు, ముల్లు కదలికని శబ్దంగా మార్చే సౌండ్ బాక్స్ బరువంతా దాని మీదే. ముల్లు కూడా ఇట్టే అరిగిపోయేది, మార్చకుండా వాడితే గాడి గోడలు దెబ్బతినేవి. గోడ పోయాక ముల్లు పక్క గాడిలోకి జారడానికి గీతే పడక్కర్లేదు. పైగా వాటిమీద చుట్టుకి 0.77 సెకనే. తిరగబెట్టేది మాట కూడా కాదు, రెండు మూడు అక్షరాలు. నస అంటే అదీ! ఈ మాట ఆ రికార్డులు విన్నవాళ్ళ నోట పుట్టి ఉంటుందని నా ఊహ.

'ప్లేటు ఫిరాయించడం' కూడా ఈ రికార్డు ప్లేటు నుంచి వచ్చిందేనని నాకనిపిస్తుంది. పది అంగుళాల 78కి ఒక వైపు దాదాపు మూడు నిమిషాలే, అది అయిపోగానే తిప్పి పెట్టాలి. గొంతు అదే, అందుకుంది మాత్రం వేరే పాట. కాదు, ఇది భోజనాల ప్లేటే అనేవాళ్ళుంటే ఆ ప్లేటు ఎందుకు ఫిరాయించాల్సి వచ్చిందో చెప్పండి.