మొదటి హైడ్రోప్లేన్‌కు ఏ ఇంజిన్? హార్బర్‌లో దొరికే యమహానా, జపాన్ నుంచి యమాటోనా?

భీమిలి గట్టు
అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి విశాఖ పెదవాల్తేరులో ఒక షెడ్డులో పదడుగుల హైడ్రోప్లేన్, అంటే నీళ్ల మీద తేలిగ్గా జారిపోయే రేసు పడవ, కట్టాం. మెరైన్ ప్లై, ఎపాక్సీ. ముందు రెండు స్పాన్సన్లు (పడవ పక్కల ఉండే తేలుడు దిమ్మెలు), వెనక ప్రొపెల్లర్, ఈ మూడింటి మీదే నీళ్లు తాకుతూ పరిగెత్తే రకం. ఇంకో రెండు జట్లు కూడా ఇలాంటివే మొదలుపెట్టాయి. వచ్చే చలికాలానికి ఆరు పడవలు పోటీకి దింపాలని మా ఆశ.

ఇంజిన్ దగ్గరే మా నలుగురికీ పడటం లేదు. ఇద్దరేమో చేపల బోట్ల వాళ్లు వాడి అమ్మేసే యమహా ఎండ్యూరో 15 (15 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు, అంటే పడవ వెనక తగిలించే ఇంజిన్) చాలంటారు. మిగతా ఇద్దరూ కట్టేదే రేసు పడవ కాబట్టి రేసు ఇంజినే ఉండాలని, జపాన్ నుంచి వాడిన యమాటో తెప్పిద్దామని పట్టుబడుతున్నారు.

మొన్న ఆదివారం గోస్తని ఏటిలో అరువు తెచ్చిన 9.9 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టి చూశాం. అది 20 అంగుళాల లాంగ్ షాఫ్టు (ప్రొపెల్లర్ దాకా దిగే కాడ పొడుగ్గా ఉండే రకం), ఇంజిన్ తగిలించే మా వెనక పలక 15 అంగుళాలది. అయిదు అంగుళాలు ఎక్కువగా నీళ్లలోకి దిగిపోయి, షాఫ్టు కేసింగే నీళ్లను చీల్చుకుంటూ మా మొహాల మీదకు చిమ్మింది. పడవ లేచింది గానీ తేలిగ్గా పరిగెత్తలేదు.

పోర్టు కాలనీ
నా ఓటు యమాటోకే. లెక్క చూడండి. యమహా 15లో గేరు పళ్లు 13కి 27. ఇంజిన్ రెండు చుట్లకు పైగా తిరిగితే గానీ ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగదు. 5500 ఆర్‌పీఎం దగ్గర ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 2650 చుట్లు. తొమ్మిది అంగుళాల పిచ్ (ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం) వేస్తే, నీళ్లలో జారుడు అసలు లేదనుకున్నా గంటకు 36 కిలోమీటర్లు దాటదు. ఆ గేరు బరువైన నావను అలలకెదురు తోయడానికి పెట్టింది.

యమాటో 302 సుమారు 400 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. పుట్టిందే రేసు కోసం. జపాన్ బోటు రేసుల్లో నిటారు దారిలో గంటకు 80 కిలోమీటర్ల దాకా పోతారు. అమెరికాలో కూడా ఔత్సాహికులు ఇవే తెప్పించుకుని చిన్న హైడ్రోలకు వాడుతున్నారు. అంత కష్టపడి పడవ కట్టి దానికి చేపల ఇంజిన్ తగిలిస్తారా?

జాలరిపేట మెకానిక్
పోర్టు కాలనీ గారూ, లెక్క సరే. కానీ 9 పిచ్‌తోనే ఎందుకు ఆగారు? అది నావ బరువుకు వేసేది. ఈ పడవ మనిషితో కలిపినా నావలో పదో వంతు ఉండదు. 12 పిచ్ వేయండి, అదే 2650 చుట్లకు 48 కిలోమీటర్లు వస్తుంది. జారుడు తీసేసినా 40 పైనే. మొదటిసారి మలుపు తిప్పే కుర్రాడికి ఆ వేగం చాలదా?

గట్టు తమ్ముడూ, నేను పాతికేళ్లుగా ఈ ఇంజిన్లే విప్పుతున్నా. కొనేటప్పుడు పైన రంగు చూడొద్దు. థర్మోస్టాట్ (ఇంజిన్ చల్లబరిచే నీళ్లను అదుపు చేసే కవాటం) మూత విప్పించు. మొన్న ఒకటి విప్పితే లోపల ఉప్పు గోడకు పట్టిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఊడింది, నీటి దారి పెన్సిల్ మొన పట్టేంతే మిగిలింది. అమ్మేవాడు మాత్రం ఆరు నెలలే వాడానన్నాడు. కింద గేర్‌కేసు స్క్రూ వదులు చేసి నూనె చూడు, టీ రంగులో వస్తే సీలు పోయి నీళ్లు దిగినట్టే. రెండు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించు, ఒకదానికీ ఒకదానికీ పదో వంతుకు మించి తేడా ఉంటే డబ్బులు జేబులోనే ఉంచుకో.

ఇంకో ముఖ్యమైన మాట. కిరోసిన్ మోడల్ కొనొద్దు. కిరోసిన్‌కు తగ్గట్టు కంప్రెషన్ తక్కువ పెట్టి తయారుచేస్తారు, ఎంత పెట్రోలు పోసినా ఆ చురుకు రాదు. షార్ట్ షాఫ్టు మన దగ్గర అరుదే. దొరికేదాకా ఆగు గానీ లాంగ్ షాఫ్టు కోసి పొట్టి చేస్తానంటే ఒప్పుకోకు.

గాజువాక
యమాటో మీద మోజు నాకూ ఉండేది. 2019లో వేరే కంపెనీ రేసు అవుట్‌బోర్డు, వాడినదే, బయటి దేశం నుంచి తెప్పించాను. వాడిన సరుకు అనేసరికి విలువ కట్టడానికి చార్టర్డ్ ఇంజినీర్ సర్టిఫికెట్ అడిగారు. ఆ కాగితం వచ్చేలోపు డెమరేజ్ (సరుకు రేవులో ఆగినందుకు కట్టే రుసుము) ఎక్కింది. ఇంటికొచ్చాక గేర్‌కేసు విప్పితే బేరింగు తుప్పు పట్టి గోళీలు కదలడం లేదు. ఆ ఒక్క బేరింగు కోసం ఏడు నెలలు ఎదురుచూశా. అప్పుడు బేరం కుదిరిందని ఇల్లంతా సంబరపడ్డాం, ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది.

పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీల అవుట్‌బోర్డులు చవకగా దొరుకుతున్నాయని ఎవరైనా చెబితే కూడా జాగ్రత్త. ఎవిన్‌రూడ్ తయారీ 2020లోనే ఆగిపోయింది. మన ఊళ్లో పిస్టన్ రింగు అడిగితే రేపటికి ఇచ్చేది యమహాకే.

కృష్ణ ఒడ్డు
2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఎఫ్‌1 పవర్‌బోటు రేసు మూడు రోజులూ చూశాను. రెండున్నర లీటర్ల వీ6 మెర్క్యురీలు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. పడవలు కంటెయినర్లలో వచ్చాయి, కంటెయినర్లలో పోయాయి. మన కుర్రాళ్లు ఒక్కరైనా స్టీరింగు పట్టుకునే దారి మిగల్లేదు. అందుకే మీ ఆరు పడవల మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

అయితే మీరంతా ఏ ఇంజిన్ అంటున్నారు గానీ, ఆరూ ఒకటేనా అని ఎవరూ అడగలేదు. జపాన్‌లో బోటు రేసుల ఆట 1952లో ఒమురాలో మొదలైంది. అక్కడ ఇంజిన్ రేసరుది కాదు, రేసు జరిగే కొలనుది. అన్నీ ఒకే రకం. ఎవరికి ఏది అన్నది లాటరీ తీసి ఇస్తారు, ఏటా కొత్తవి మారుస్తారు. డబ్బున్నవాడు మంచి ఇంజిన్ కొని గెలిచే వీల్లేదు. ఒకడు యమాటో, ఇంకొకడు యమహా, మరొకడు సుజుకీ తగిలిస్తే రెండో ఆదివారానికే పోటీ చచ్చిపోతుంది. ముందున్నవాడు అరకిలోమీటరు ముందుంటాడు, వెనకవాడు రావడం మానేస్తాడు. ఆరు యమాటోలు తేగలిగితే తెండి. లేదంటే ఆరూ యమహా 15లే, ఒకే పిచ్ ప్రొపెల్లర్, పొద్దున్నే చీటీ తీసి పంచండి.

పోర్టు కాలనీ
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆరు యమాటోలకు స్పేర్లతో సహా డబ్బు పెట్టే స్థితి మనకు లేదు. యమహాకే ఒప్పుకుంటున్నా. కాకపోతే రెండేళ్లయ్యాక ఈ చర్చ మళ్లీ తెరవాలి.

సీతమ్మధార
పరిగెత్తించడానికి ముడసర్లోవ జలాశయం బాగుంటుందేమో? అలలుండవు, ఊరికి దగ్గర.

జాలరిపేట మెకానిక్
వద్దమ్మా. అది ఊరు తాగే నీళ్లు. టూ స్ట్రోక్ ఇంజిన్ కాలని నూనె కొంత నీళ్లలోకి వదులుతుంది. మేఘాద్రి గెడ్డ కూడా అంతే. ఏరు సముద్రంలో కలిసే మొగే మేలు, పరిగెత్తించాక మంచినీళ్లతో పది నిమిషాలు ఇంజిన్ కడగాలి.

తమ్ముళ్లూ, పడవ లేచాక ఇంజిన్‌ను పైకి ఎత్తి బిగించాలనిపిస్తుంది, వేగం వస్తుంది కూడా. ఒకేసారి రెండు అంగుళాలు ఎత్తేయకండి. నీళ్లు పీల్చే జల్లెడ పైకి తేలితే పంపు గాలి పీలుస్తుంది, నిమిషంలో పిస్టన్ పట్టేస్తుంది. పావు అంగుళం చొప్పున ఎత్తుతూ, వెనక నుంచి వచ్చే నీటి ధార చూస్తూ పోండి. నూనె లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, అవుట్‌బోర్డు నూనే. బైకు నూనె పోయకండి.

కిల్ స్విచ్ తాడు (మనిషి పడితే లాగి ఇంజిన్ ఆపేసేది) చేతికి కట్టుకోని కుర్రాడి పడవను నేను ముట్టుకోను. మనిషి పడిపోయాక ఆ పడవ తిరిగి తిరిగి అతని మీదకే వస్తుంది.

భీమిలి గట్టు
అన్నా, తాడు మాట మా నలుగురి ముందూ చదివి వినిపించాను. ఆరూ యమహా 15 షార్ట్ షాఫ్టులు, 12 పిచ్, చీటీ తీసి పంచుకోవడం. మిగతా రెండు జట్లూ ఫోన్లోనే ఒప్పుకున్నాయి. హార్బర్‌లో మూడు ఇంజిన్లు అమ్మకానికున్నాయట. శనివారం పొద్దున ఆరింటికి కంప్రెషన్ గేజి పట్టుకుని వస్తారా? టిఫిను మాది.

జాలరిపేట మెకానిక్
వస్తా. వాళ్లను ముందే ఇంజిన్ వేడి చేసి ఉంచొద్దని చెప్పండి. చల్లటి ఇంజిన్ ఎన్ని లాగులకు లేస్తుందో నేను చూడాలి.